రింగు వచ్చింది మేడం



దగ్గొస్తే మా అమ్మ మందుల షాపు వైపు చూసేది కాదు. వంటింట్లో పోపుల పెట్టె వెనకాల ఒక పాత రేకు డబ్బా ఉండేది. అందులోంచి ఎండు కరక్కాయ ఒకటి తీసి, గుమ్మం దగ్గర పెట్టి రోలు పొత్రంతో ఒక్క దెబ్బ వేసేది. గింజ ఒక పక్కకి, పెచ్చులు ఒక పక్కకి. ఒక పెచ్చు నా చేతిలో పెట్టి, "బుగ్గన పెట్టుకో. నమలకు" అనేది. నమలకుండా ఎలా ఉంటాం? నమిలేదాన్ని. నోరంతా పిడచకట్టుకుపోయి, నాలుక తోలుముక్కలా అయిపోయేది. దగ్గు తగ్గేదో, దగ్గడానికి కూడా నోరు రాకుండా పోయేదో అప్పట్లో తెలిసేది కాదు.

తర్వాత నేను మైక్రోబయాలజీ చదివాను. అదే పాఠం ముప్ఫయ్యేళ్ళు చెప్పి రిటైరయ్యాను. ఆ ముప్ఫయ్యేళ్ళలో ప్రతి ఏడూ చలికాలం సెలవుల తర్వాత మా ల్యాబులోకి సంచులు వచ్చేవి. పీజీ పిల్లలకి చివరి సంవత్సరం ప్రాజెక్టు ఉంటుంది కదా, అందులో సగంమంది ఎంచుకునేది ఒకటే. ఫలానా కాయ రసానికి బాక్టీరియాని చంపే గుణం ఉందా లేదా అన్నది. ఒకరు నేరేడు పళ్ళు తెచ్చేవారు, ఒకరు ఉసిరికాయలు, ఒకరు కుంకుళ్ళు, ఇంకొకరు వెలగపండు. ల్యాబు కాస్తా సంతలా ఉండేది. ఖర్చు తక్కువ, చెట్టు మన ఊళ్ళోదే, పైగా నాన్నమ్మ చెప్పిన మాటని సైన్సు చేత ఒప్పించామన్న సంతోషం ఒకటి. అందుకే ఆ ప్రాజెక్టంటే పిల్లలకి అంత ఇష్టం.

వాళ్ళలో ఒక అమ్మాయి గురించి ఇవాళ చెబుతాను. పేరు వద్దు. ఊరు శ్రీకాళహస్తి. ఇంట్లో కలంకారీ పని. సంక్రాంతికి ఇంటికెళ్ళి వస్తూ అరబస్తా కరక్కాయలు మోసుకొచ్చింది. మూడు వారాల తర్వాత ఒక పొద్దున నేను ఇంకా స్కూటర్ స్టాండు వెయ్యకముందే మెట్ల మీదనుంచి పరుగెత్తుకొచ్చి, "రింగు వచ్చింది మేడం!" అంది.

ఆ రింగేమిటో ముందు చెప్పాలి.

పిల్లలు చేసే పరీక్ష చూడటానికి చాలా తేలిక. గుండ్రటి గాజు మూకుడు లాంటి పళ్ళెం ఒకటి, దాన్నే పెట్రీ ప్లేటు అంటాం. అందులో నాలుగు మిల్లీమీటర్ల మందాన జున్నులా గడ్డకట్టిన తిండి పోస్తాం. ఆ జున్ను మీద ఒక రకం బాక్టీరియాని దూదిపుల్లతో ఖాళీ లేకుండా పూస్తాం. మధ్యలో ఆరు మిల్లీమీటర్ల గుంట తవ్వి, అందులో కాయ రసం 50 మైక్రోలీటర్లు, అంటే ఒక పెద్ద చుక్క వేస్తాం. రాత్రంతా 37 డిగ్రీల వెచ్చదనంలో ఉంచుతాం. తెల్లారేసరికి బాక్టీరియా పెరిగి ప్లేటంతా మీగడ తెట్టు కట్టినట్టు తెల్లగా అయిపోతుంది. రసంలో దాన్ని ఆపే గుణం ఉంటే గుంట చుట్టూ మాత్రం తెట్టు ఉండదు. గుండ్రంగా, అద్దంలా తేటగా ఒక ఖాళీ మిగులుతుంది. అదే రింగు. ప్లేటుని బోర్లించి, వెనకనుంచి స్కేలు పెట్టి ఎన్ని మిల్లీమీటర్లో కొలుస్తాం. ఈ పనంతా మా దగ్గర జాగ్రత్తలతో, వాడిన ప్లేట్లన్నీ ఆటోక్లేవులో ఆవిరికి ఉడికించి పారేసే ఏర్పాటుతో జరుగుతుంది. వింటున్న పిల్లలెవరూ వంటింట్లో మొదలుపెట్టకండి, మీ అమ్మల చేత నేను తిట్లు తినలేను.

అన్నట్టు ఆ జున్ను వంటింట్లోంచే వచ్చింది. జర్మనీలో రాబర్ట్ కాక్ బాక్టీరియాని పెంచడానికి మొదట జెలటిన్ వాడేవాడు. ఎండ ముదిరితే అది కరిగి నీళ్ళయ్యేది, కొన్ని బాక్టీరియా అయితే దాన్నే తినేసేవి. 1881లో ఆయన శిష్యుడు వాల్టర్ హెస్సీ ఈ బాధే ఇంట్లో చెప్పుకుంటే, భార్య ఫానీ హెస్సీ, "నా జెల్లీ ఎండాకాలంలో కూడా కరగదు, అందులో వేసేది వాడి చూడండి" అనే అర్థంలో ఒక సలహా ఇచ్చింది. జావాలో ఉండి వచ్చిన స్నేహితుల దగ్గర ఆవిడ నేర్చుకున్న దినుసు అది. పేరు అగర్. సముద్రపు నాచులోంచి తీస్తారు. మన మిఠాయి చేసేవాళ్ళు చైనా గ్రాస్ అంటారు చూడండి, అదే. నూట నలభై ఏళ్ళు దాటినా ప్రపంచంలో ప్రతి మైక్రోబయాలజీ ల్యాబూ ఆ ఇల్లాలి జెల్లీ మీదే నడుస్తోంది. మందుల పరీక్షకి మేము వాడే ప్రత్యేకమైన తిండికి ముల్లర్ హింటన్ అని పేరు. 1941లో హార్వర్డ్‌లో జాన్ హోవర్డ్ ముల్లర్, జేన్ హింటన్ ఇద్దరూ కలిసి తయారుచేశారు. ఆ జేన్ హింటన్ తర్వాత పశువైద్యం చదివింది. అమెరికాలో ఆ డిగ్రీ అందుకున్న మొదటి నల్లజాతి స్త్రీలు ఇద్దరిలో ఒకరు. ప్లేటు మీద ఆ పేరు రాసే పిల్లలెవరికీ ఈ సంగతి తెలియదు. నాకూ చాలా ఆలస్యంగా తెలిసింది.

మళ్ళీ మన రింగు దగ్గరికి వద్దాం. ఆ అమ్మాయి ప్లేటు కళ్ళకి పండగలా ఉంది. స్టెఫిలోకాకస్ ఆరియస్ అని, సెగ్గడ్డల్లో చీము పట్టించే బాక్టీరియా. దాని మధ్యలో కరక్కాయ గుంట, చుట్టూ చక్కటి రింగు. అమ్మాయి ముఖం వెలిగిపోతోంది. నేను ప్లేటు చేతిలోకి తీసుకుని, "రసం దేంట్లో తీశావు?" అని అడిగాను.

"మిథనాల్‌లో మేడం."

"ఆ మిథనాల్ ఒక్కటే వేసిన గుంట ఏది?"

జవాబు లేదు.

ఇందులో పిల్లనొక్కదాన్నే అనడానికి లేదు. నా ఉద్యోగం కొత్తలో నేనే ఈ గోతిలో పడ్డాను. తానికాయ మీద ఒక పత్రం రాసి, పంపించే ముందు రోజు అనుమానం వచ్చి ఉత్త మిథనాల్‌తో పరీక్ష పెడితే, దానికీ రింగు వచ్చింది. కాయకి వచ్చినదానికన్నా ఒక మిల్లీమీటరు మాత్రమే తక్కువ. నేను ద్రావకాన్ని పూర్తిగా ఎగరగొట్టకుండా, సగం ఆరిన రసాన్ని అలాగే వేసేశాను. బాక్టీరియాని ఆపింది తానికాయ కాదు, మిథనాల్. ఆ పత్రం చించేసిన రోజు ల్యాబు అటెండరు చెత్తబుట్ట చూసి, "ఏంటి మేడం, ప్రేమలేఖా?" అన్నాడు.

అంచేత ఆ పిల్ల చేత మళ్ళీ మొదటినుంచి చేయించాను. మొదలంటే కాయ దగ్గర్నుంచి. కరక్కాయకి నిలువునా ఐదు గట్లు తేలి ఉంటాయి. తానికాయ గుండ్రంగా, పైన సన్నటి నూగుతో ఉంటుంది. పెచ్చులు చేసి అమ్మితే రెండిటికీ తేడా కనిపెట్టడం కష్టం, కొట్లలో కలిసిపోతాయి కూడా. కాయ ఏదో తేలకపోతే తర్వాత చేసిందంతా గాలిలో మేడే. కాబట్టి కొమ్మ, ఆకు, కాయ మూడూ తీసుకెళ్ళి వృక్షశాస్త్రం వాళ్ళకి చూపించి, కాగితం మీద అతికించి, నంబరు వేయించుకుని దాచాలి. ఆ తర్వాత గింజ తీసేసి, పెచ్చుని నీడన ఎండబెట్టి, దంచి, జల్లించి, కొంత నీళ్ళలో, కొంత ఆల్కహాల్లో నానబెట్టి, వడగట్టి, ద్రావకం ఆఖరి చుక్క దాకా ఆరగొట్టాలి. అడుగున నల్లటి పాకంలాంటిది మిగులుతుంది. దాన్ని తూచి, మళ్ళీ కొలత ప్రకారం కలుపుకోవాలి.

ఈ నానబెట్టడం, కాచడం అన్నదాంట్లోనే ఎన్నో మందులు దొరికాయి, ఎన్నో జారిపోయాయి. చైనాలో తు యూయూ అనే ఆవిడ మలేరియాకి మందు వెతుకుతూ ఒక మాచిపత్రి జాతి మొక్కని పరీక్షిస్తే ఒకసారి పనిచేసేది, ఒకసారి చేసేది కాదు. పదహారు వందల ఏళ్ళ కిందటి వైద్యగ్రంథం తిరగేస్తే అందులో కాచమని లేదు, నీళ్ళలో నానబెట్టి పిండి ఆ రసం తాగమని ఉంది. వేడికి అసలు గుణం చచ్చిపోతోందని ఆవిడకి తట్టింది. తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో తీసింది. 1971 అక్టోబరులో 191వ నమూనా పూర్తిగా పనిచేసింది. 2015లో ఆవిడకి నోబెల్ వచ్చింది. కాబట్టి కషాయమా, నానబెట్టిన నీళ్ళా అని మన ముసలివాళ్ళు పట్టుబట్టడం ఉత్త చాదస్తం అనుకోకూడదు.

మా అమ్మాయికి రెండో విడత రింగు కొంచెం చిన్నదైంది కానీ పోలేదు. ఉత్త ద్రావకం గుంట దగ్గర ఏమీ లేదు. హమ్మయ్య అనుకుంది. అదే వారం పక్క బల్ల మీద ఒక అబ్బాయి నిమ్మకాయ రసంతో పెద్ద రింగు తెచ్చాడు. మా అమ్మాయిదానికి రెట్టింపు. వాడు కాలరెగరేశాడు. నిమ్మరసం ఎంత పులుపో మీకు తెలుసు, ఆమ్లం లెక్కలో పీహెచ్ రెండు, రెండున్నర మధ్య ఉంటుంది. అంత పులుపులో బాక్టీరియా ఎలా బతుకుతుంది? క్షారం చుక్కలు వేసి ఆ పులుపు విరిచి, అదే రసాన్ని మళ్ళీ వేయించాను. రింగు లేదు. వాడి కాలరు దిగింది. ఊరగాయ చెడకుండా ఉండటంలో పులుపుకి పెద్ద పాత్రే ఉంది, దాన్ని కాదనను. కానీ దాన్ని మందు అనలేం. కరక్కాయ రసం కూడా పుల్లటిదే కనుక దానికీ ఇదే పరీక్ష పెట్టాం. రింగు తగ్గింది, నిలిచింది.

ఇప్పుడు అసలు పేచీ. ఆ అమ్మాయి రికార్డులో ఇలా రాసుకొచ్చింది: కరక్కాయ సారానికి 18 మిల్లీమీటర్లు, పోలికకి పెట్టిన జెంటామైసిన్ బిళ్ళకి 20 మిల్లీమీటర్లు, కాబట్టి కరక్కాయ యాంటీబయాటిక్‌తో దాదాపు సమానం. ఇలాంటి వాక్యం నేను విద్యార్థుల రికార్డుల్లోనే కాదు, అచ్చయిన పత్రాల్లోనూ లెక్కలేనన్నిసార్లు చూశాను. అక్కడినుంచి అది పత్రికల్లోకి, ఆయుర్వేదం సీసాల మీదికి ఎక్కుతుంది.

"కూర్చో. గుంటలో ఎంత మందు వేశావో లెక్క కట్టు" అన్నాను.

మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాముల సారం కలిపింది. అందులో 50 మైక్రోలీటర్లు, అంటే మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు వేసింది. గుంటలో పడింది 5 మిల్లీగ్రాములు. మైక్రోగ్రాముల్లో చెప్పాలంటే 5,000. జెంటామైసిన్ బిళ్ళలో ఉండేది 10 మైక్రోగ్రాములు. అంటే ఐదు వందల రెట్లు ఎక్కువ వేస్తే, రెండు మిల్లీమీటర్లు తక్కువ రింగు వచ్చింది. ఒకడు చిటికెడు ఉప్పుతో కూరకి రుచి తెస్తే, ఇంకొకడు గంపెడు పోసి "నేనూ సమానమే" అన్నట్టు.

అమ్మాయి పెన్ను మూసేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు రెండో పక్కనుంచి కూడా చెప్పాల్సి వచ్చింది. న్యాయం న్యాయమే కదా. గుంటలో వేసింది నల్లటి పాకం. అందులో చక్కెరలున్నాయి, జిగురుంది, రంగులున్నాయి, పని చేసే పదార్థం ఎన్నో వంతో తెలియదు. జెంటామైసిన్ అయితే శుద్ధి చేసిన ఒకే ఒక్క మందు. బెల్లం దిమ్మనీ పంచదార పలుకునీ ఒకే కాటాలో వేస్తే ఎలా? పైగా రింగు సైజు మందు బలాన్ని మాత్రమే చూపించదు, అది జున్నులో ఎంత దూరం నడవగలదో కూడా చూపిస్తుంది. చిన్న అణువులు చకచకా పాకుతాయి. కరక్కాయకి వగరునిచ్చే టానిన్లు బరువైన అణువులు, గుంట అంచుల్లోనే చతికిలబడతాయి. మంచి బలమున్న పదార్థానికి చిన్న రింగు రావచ్చు, నీరసంగా ఉన్నదానికి పెద్దది రావచ్చు.

అందుకే బలం తెలియాలంటే రింగు చాలదు, గొట్టాల పరీక్ష చెయ్యాలి. వరసగా పది గాజు గొట్టాలు. మొదటిదాంట్లో సారం ఎక్కువ, రెండోదాంట్లో అందులో సగం, మూడోదాంట్లో సగంలో సగం, అలా. అన్నిట్లోనూ సమానంగా బాక్టీరియా. ఆ సమానం అనేదానికి కూడా ఒక కొలత ఉంది. బాక్టీరియా కలిపిన నీళ్ళ మసక, కాగితం మీద గీసిన నల్లగీత ముందు పెడితే ప్రమాణం సీసాతో సరిపోవాలి. అప్పుడు మిల్లీలీటరుకి సుమారు 15 కోట్ల బాక్టీరియా ఉన్నట్టు. దాన్ని ఇంకా పలచన చేసి గొట్టాల్లో వేస్తాం. తెల్లారి ఏ గొట్టం దాకా తేటగా ఉందో, ఎక్కడినుంచి మసకబారిందో చూస్తాం. తేటగా ఉన్న ఆఖరి గొట్టమే లెక్క. మా అమ్మాయికి అది మిల్లీలీటరుకి ఒక మిల్లీగ్రాము దగ్గర తేలింది. ఈ రంగంలో పెద్దలు చాలామంది గీసిన గీత కూడా సరిగ్గా అక్కడే ఉంది. ముడి సారం ఒక మిల్లీగ్రాము దాటితేగానీ పనిచెయ్యకపోతే దాన్ని గురించి మాట్లాడకండి అంటారు. మా కరక్కాయ గడప మీద నిలబడింది.

ఒక మిల్లీగ్రామంటే చిన్నదే కదా అనిపిస్తుంది. మనిషి ఒంట్లో సుమారు ఐదు లీటర్ల నెత్తురు ఉంటుంది. ఆ ఐదు లీటర్లలోనూ మిల్లీలీటరుకి ఒక మిల్లీగ్రాము ఉండాలంటే ఐదు గ్రాముల సారం నెత్తుట్లో ఒకేసారి తిరుగుతూ ఉండాలి. మింగిన టానిన్లలో పేగు దాటి నెత్తుట్లోకి చేరేదే బహు కొంచెం.

అసలు ఆ కరక్కాయ చేసే పనేమిటన్నది ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముక్క. అది నాకు ఆ అమ్మాయే చూపించింది.

ఒక మధ్యాహ్నం సారంలో ఏమేం ఉన్నాయో రసాయన పరీక్షలు చేస్తున్నాం. టానిన్ల పరీక్షకి ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వెయ్యాలి, అంటే ఇనుము. గొట్టంలో తేనె రంగు కరక్కాయ నీళ్ళున్నాయి. చుక్క పడింది. సిరా ఒలికినట్టు గుప్పున నల్లబడిపోయింది. అమ్మాయి నవ్వింది. "మా నాన్న రోజూ చేసేది ఇదే మేడం" అంది.

శ్రీకాళహస్తిలో వాళ్ళ పెరట్లో ఉతికి ఆరేసిన గుడ్డని కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి పిండి ఎండేస్తారు. గుడ్డ లేత పసుపుకి తిరుగుతుంది. ఇంకోపక్క కుండలో తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం, నీళ్ళు వేసి వారాల తరబడి ఊరబెడతారు. దాన్ని కసిం అంటారు. కుండలో ఉన్నంతసేపూ అది ఉత్త బురదనీళ్ళలా ఉంటుంది. వెదురు కలంతో ఆ గుడ్డ మీద గీత గీస్తే, గీసినచోటల్లా కళ్ళముందే నలుపెక్కుతుంది. కరక్కాయలో టానిను ఇనుముని పట్టుకుని వదలదు. గేదెపాలలో వెన్న ఉంటుంది కనుక గీత పాకదు. ఆ అమ్మాయి వాళ్ళ నాన్న వేళ్ళు పెళ్ళిళ్ళకి వెళ్ళినా నల్లగానే ఉంటాయట.

టానిన్లకి ఇనుమంటే ఎంత పట్టో, మాంసకృత్తులన్నా అంతే. పచ్చితోలుని కరక్కాయ నీళ్ళలో, తంగేడు చెక్క నీళ్ళలో ఊరబెడితే కుళ్ళని తోలవుతుంది. తోలులోని మాంసకృత్తుల్ని ఆ టానిన్లు కట్టిపడేస్తాయి. నా చిన్నప్పుడు నాలుక తోలుముక్కలా అయిందన్నాను చూడండి, అది పోలిక కాదు, జరిగింది దాదాపు అదే. లాలాజలంలో జారుడునిచ్చే మాంసకృత్తులు టానిన్లకి చిక్కుకుని ముద్దలు కట్టేస్తాయి. ఆ జారుడు పోవడమే వగరు.

బాక్టీరియాకీ ఇనుము కావాలి, దాని ఒళ్ళూ మాంసకృత్తులే. కరక్కాయ రెండిటినీ పట్టుకుంటుంది. దీన్ని ఋజువు చెయ్యాలని అమ్మాయి పట్టుబట్టింది. జున్నులో ఇనుము కలిపి రింగు తగ్గుతుందేమో చూస్తానంది. ప్లేటు మసిగుడ్డలా నల్లబడింది, రింగు కొలవడానికే రాలేదు. మూడు రోజులు అలిగి కూర్చుని, తర్వాత తనే దారి కనిపెట్టింది. ఇనుము కలిపిన గొట్టంలోంచీ కలపని గొట్టంలోంచీ తలో చుక్క తీసి, కొత్త ప్లేటు మీద పూసింది. ఇనుము లేని వైపు బాక్టీరియా చుక్కలు వేళ్ళమీద లెక్కపెట్టేన్ని వచ్చాయి. ఇనుము పెట్టిన వైపు చిక్కగా మొలిచాయి. అంటే మా కరక్కాయ బాక్టీరియాని చంపిందానికన్నా ఎక్కువగా ఆకలికి మాడ్చింది. తిండి పెడితే లేచి కూర్చున్నాయి. 18 మిల్లీమీటర్ల కన్నా ఈ ముక్కకి నేను ఎక్కువ మార్కులు వేశాను.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. దొరికిన ప్రతి మాంసకృత్తునీ పట్టుకునే గుణం ప్లేటు మీద చాలా గొప్పగా కనిపిస్తుంది. ప్రతి పరీక్షలోనూ నెగ్గుతుంది. తీరా ఒంట్లోకి వెళితే, బాక్టీరియాని చేరేలోపు మనం తిన్న పప్పులో మాంసకృత్తుల్ని పట్టుకుని కూర్చుంటుంది. మందులు వెతికేవాళ్ళు టానిన్లని చూడగానే పక్కన పెట్టెయ్యడానికి కారణం ఇదే. నన్నడిగితే అంత తొందర కూడా తగదు. నోరు, చర్మం, పుండు, గుడ్డ, ఇలా తగిలినచోటే పని జరగాల్సిన తావులు కొన్ని ఉన్నాయి. పళ్ళు పుచ్చిపోయేలా చేసే స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ మీద కరక్కాయ నీళ్ళ ప్రభావం గురించి 1999లో మన దేశ పరిశోధకులే ఒక మంచి పత్రం అచ్చువేశారు. పుక్కిలించి ఉమ్మేసే మందుకి నెత్తుట్లోకి ఎక్కాల్సిన పని లేదు. బుగ్గన పెట్టుకో అని మా అమ్మ అనడంలో తెలివి ఉంది. మింగమని ఆవిడ ఎప్పుడూ అనలేదు.

ప్లేటు లేని గొప్పలు చెబుతుందని ఇంతసేపూ అన్నాను. ఉన్న గొప్పని కనబడనివ్వని సందర్భాలూ ఉన్నాయి.

పడమటి కనుమల్లో ఒక చెట్టు ఉంది, అడవి బాదం అంటారు. కాయ గట్టిగా గుండ్రంగా ఉంటుంది. దాని గింజల నూనె, దాని చుట్టపు చెట్ల గింజల నూనె, చాల్‌మూగ్రా నూనె అన్న పేరుతో కుష్ఠురోగానికి వందల ఏళ్ళు వాడారు. తాగితే వాంతులయ్యేవి. సూదితో ఎక్కిస్తే చిక్కటి నూనె చర్మం కింద గడ్డలు కట్టేది. 1915 ప్రాంతంలో హవాయిలో ఆలిస్ బాల్ అనే ఇరవై మూడేళ్ళ నల్లజాతి అమ్మాయి ఆ నూనెని ఒంట్లో ఇమిడేలా మార్చే రసాయన మార్గం కనిపెట్టింది. మరుసటి ఏడే చనిపోయింది. ఆమె పనిని కాలేజీలో పైవాడు తన పేరు మీద వేసుకున్నాడు, ఆమె పేరు పైకి రావడానికి ఎన్నో ఏళ్ళు పట్టింది. మన నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ దంపతులు పెట్టిన కుష్ఠు ఆసుపత్రిలో కూడా ఈ జాతి నూనె ఇంజెక్షన్లే ఇచ్చేవారు. 1940లలో సల్ఫోన్ మందులు వచ్చేదాకా ఇంకో దిక్కు లేదు.

ఇందులో విచిత్రమేమిటంటే, కుష్ఠు బాక్టీరియాని హాన్సెన్ 1873లోనే చూశాడు, కానీ దాన్ని ప్లేటు మీద పెంచడం ఇప్పటిదాకా ఎవరి వల్లా కాలేదు. తెట్టే కట్టదు, ఇక రింగెక్కడ? ఆ నూనె ఏం చేస్తోందో, అసలు చేస్తోందో లేదో తేల్చుకోవడానికి మనుషుల ఒళ్ళే ప్లేట్లయ్యాయి. ఎలుక పాదంలో ఆ బాక్టీరియాని పెంచే పద్ధతి 1960లో గానీ రాలేదు.

క్రాన్‌బెర్రీ సంగతీ ఒక మాట. అమెరికా పండు, మన వాక్కాయ అనుకునేరు, రెండూ వేరు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ మాటిమాటికీ వచ్చే ఆడవాళ్ళకి అక్కడ ఆ రసం ఇస్తారు. అందులో పదార్థాలు బాక్టీరియాని చంపవు, మూత్రనాళం గోడకి కొక్కేలు వేసి అతుక్కోకుండా అడ్డుపడతాయి. అతుక్కోనిది మూత్రంతో పాటు కొట్టుకుపోతుంది. మా ప్లేటుకి గోడ లేదు, ప్రవాహం లేదు. చంపడం ఒక్కటే దానికి తెలిసిన భాష.

ఇన్ని చెట్లున్నా యాంటీబయాటిక్‌లు ఎక్కువగా మట్టిలోంచే ఎందుకొచ్చాయని ఒకసారి క్లాసులో ఎవరో అడిగారు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు లెడర్లీ సంస్థలో పరిశోధన నడిపిస్తుండగా అక్కడ డగ్గర్ కనిపెట్టిన ఆరియోమైసిన్ కూడా మట్టిలో సూక్ష్మజీవి ఇచ్చిందే. మట్టిలో ఒక సూక్ష్మజీవికి పక్కదానితో గుప్పెడు చోటు కోసం ముఖాముఖీ యుద్ధం, అందుకని ఒక్క వేటుకి తెగేసే కత్తి నూరుకుంటుంది. చెట్టు పద్ధతి వేరు. అది ఒక్క కత్తిని నమ్ముకోదు. పదిరకాల వగర్లు, చేదులు, జిగుర్లు కాయ నిండా పోసి, పురుగునీ బూజునీ కోతినీ అన్నిటినీ కలిపి విసిగిస్తుంది. ఆ పదింటినీ విడదీసి ఒక్కొక్కదాన్నే ప్లేటు మీద పెడితే అన్నీ నీరసంగా కనబడటంలో ఆశ్చర్యం లేదు.

మా అమ్మాయి రికార్డులో ఆ "దాదాపు సమానం" అన్న వాక్యం కొట్టేసింది. దాని బదులు మూడు పేజీలు రాసింది. ఉత్త ద్రావకం సంగతి, పులుపు సంగతి, ఐదు వందల రెట్ల లెక్క, ఇనుము పెడితే లేచొచ్చిన బాక్టీరియా, నల్లబడి పనికిరాకుండా పోయిన ప్లేట్లతో సహా. పక్క బల్లల వాళ్ళ రికార్డుల్లో అన్నీ గెలుపులే. దీంట్లో సగం ఓటములు. వైవాకి వెళ్ళే ముందు భయపడింది. "మార్కులు పోతాయా మేడం?" అని పదిసార్లు అడిగింది.

బయటినుంచి వచ్చిన ఎగ్జామినరు పెద్దాయన, కాస్త కటువు మనిషి. రికార్డు తిరగేసి, కళ్ళజోడు పైకి నెట్టి, "ఇంతకీ నీ కరక్కాయ ఎలా పనిచేస్తుందమ్మా? బట్టీ పట్టింది కాకుండా చెప్పు" అన్నారు.

అమ్మాయి పరీక్ష అట్టపెట్టెలోంచి కాగితం పొట్లం తీసి, ఒక పెచ్చు ఆయన ముందు పెట్టింది. "బుగ్గన పెట్టుకోండి సార్. నమలకండి" అంది.

ఆయన నమిలారు.

ముఖం అంతా దగ్గరికి ముడుచుకుపోయింది. ఏదో అడగబోయారు, నాలుక తిరగలేదు. అమ్మాయి చేతులు కట్టుకుని, "ఇప్పుడు మీ లాలాజలానికి ఏమవుతోందో అదే సార్" అని మొదలుపెట్టి, టానిన్లూ మాంసకృత్తులూ ఇనుమూ అంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. ఆయన తలాడిస్తూ విని, గ్లాసు కోసం చెయ్యి చాపి రెండు గుక్కలు తాగి, గ్లాసు వైపు వింతగా చూశారు.

"నీళ్ళు తియ్యగా ఉన్నాయేమిటి?" అన్నారు.

"కరక్కాయ తర్వాత అలాగే ఉంటాయి సార్. అదెందుకో ఇంకా ప్రాజెక్టు చెయ్యలేదు" అంది.